రుక్మిణీ కల్యాణం తర్వాతి పేజీ

పెళ్లి ఆలస్యమవుతున్న ఆడపిల్ల ఉన్న ఇంట్లో పోతన భాగవతం ఒకే ఒక్క చోట తెరుచుకుంటుంది. దశమ స్కంధం, రుక్మిణీ కల్యాణం. పొద్దున్నే స్నానం చేసి, దీపం పెట్టి, మండలం పాటు చదివితే సంబంధం కుదురుతుందని నమ్మకం. మా వదిన తన కూతురి చేత ఇప్పుడు అదే చదివిస్తోంది. పిల్ల రుషికొండ ఐటీ హిల్స్‌లో ఉద్యోగం చేస్తుంది, ముప్పై దాటబోతోంది, దాని మనసులో ఒక అబ్బాయి ఉన్నాడని వదినకి తప్ప మా అందరికీ తెలుసు. రుక్మిణి తన ప్రేమ సంగతి తనే కబురు పంపి చెప్పుకుంది, రథమెక్కి వెళ్లిపోయింది. ఆ కథని పెద్దలు కుదిర్చే సంబంధం కోసం చదివించడంలోని వింత చూసి ఇప్పటికే చాలామంది నవ్వారు, నేను కొత్తగా నవ్వేదేమీ లేదు. నా గొడవంతా ఆ తర్వాతి పేజీ గురించి.

రుక్మిణీ కల్యాణంతో దశమ స్కంధం పూర్వభాగం అయిపోతుంది. పెళ్లయింది, శుభం అనుకుని పుస్తకం కళ్లకద్దుకుని మూసేస్తాం. ఉత్తరభాగం తెరిస్తే మొట్టమొదట వచ్చేది ప్రద్యుమ్నుడి కథ. రుక్మిణికి పుట్టిన బిడ్డని పురిటి రోజులైనా గడవకముందే శంబరుడనే రాక్షసుడు ఎత్తుకుపోయి సముద్రంలో పారేస్తాడు. చేప మింగుతుంది. ఆ చేప జాలర్ల వలలో పడి, కానుకగా శంబరుడి ఇంటికే చేరుతుంది. వంటవాళ్లు కోస్తే కడుపులో బిడ్డ. ఆ బిడ్డని చేతుల్లోకి తీసుకున్నది మాయావతి అనే పేరుతో అక్కడ వంటపని చూస్తున్న ఒకావిడ. ఆవిడే మన్మథుడి భార్య రతీదేవి. ఆ బిడ్డ, శివుడి కోపానికి బూడిదై మళ్లీ పుట్టిన మన్మథుడే.

మన పురాణాల్లో ప్రేమకి దేవత అంటే ఆవిడే. అందంగా నిలబడడం, భర్త కోసం ఏడవడం కాకుండా, ఒక పని పెట్టుకుని దాన్ని చివరిదాకా చేసినట్టు ఆవిడ కనబడేది ఈ కథలోనే. సరిగ్గా దాన్నే మనం చదవం. ప్రేమంటే ఏమిటో మన పాతవాళ్లు ఆలోచించినదాంట్లో సగానికి పైగా ఆ చదవని పేజీలోనే ఉండిపోయిందని నా వాదన.

విశాఖపట్నంలో అమ్మవార్లకి కొదవ లేదు. బురుజుపేట కనకమహాలక్ష్మి నెత్తిన గోపురం లేకుండా ఆరుబయట కూర్చుని ఎవరి పూజ వాళ్ల చేతే చేయించుకుంటుంది. మార్గశిర గురువారాల్లో ఆ వీధుల్లో కాలు పెట్టలేం. పుట్టిన పిల్లల్ని తెచ్చి ఆవిడ పాదాల దగ్గర పడుకోబెడతారు. దొండపర్తి ఎరుకుమాంబకి శిరస్సు మెడ మీద కాదు, పాదాల దగ్గర ఉంటుంది. పెదవాల్తేరులో కరకచెట్టు పోలమాంబ, జాలర్ల పేటల్లో గంగమ్మ. పిల్లలు లేనివాళ్లు సింహాచలం వెళ్లి కప్పస్తంభాన్ని కౌగిలించుకుంటారు. డబ్బు, జబ్బు, వేట, పెళ్లి, సంతానం, దేనికైనా వెళ్లడానికి ఒక గుమ్మం ఉంది. ఒక మనిషి ఇంకో మనిషిని ఇష్టపడి, ఆ ఇష్టం నిలబడాలని మొక్కుకుంటే కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలి?

అలాంటి వాళ్లు కైలాసగిరి వెళ్తారు. కొండ మీద తెల్లటి శివపార్వతుల విగ్రహాలు, చుట్టూ చెట్ల కింద జంటలు. మన్మథుణ్ని కాల్చేసిన దేవుడి ఎదుటే వాళ్లకి కాస్త నీడ దొరుకుతోంది, అదొక చిత్రం. ఫిబ్రవరి 14 వచ్చిందంటే మాత్రం ఎవరొచ్చి నిలదీస్తారో, ఎక్కడ ఫొటో తీసి ఇంటికి పంపుతారో అని ఒకటే టెన్షన్. ఇది మన సంస్కృతి కాదని ఆ రోజు గొంతు చించుకునేవాళ్లలో ఎంతమంది దశమ స్కంధం ఉత్తరభాగం తెరిచారో అడగాలని ఎప్పుడూ అనిపిస్తుంది నాకు.

మన్మథుడికైతే ఏ లోటూ లేదు. ఉత్తరాంధ్రలో ఏ ఆఫీసుకి వెళ్లినా ఒక మన్మథరావు తగులుతాడు. అరవై సంవత్సరాల చక్రంలో ఒకటి ఆయన పేరు మీదే ఉంది, 2015 ఉగాదికి వచ్చి వెళ్లింది. రతి అని మాత్రం ఆడపిల్లలకి పేరు పెట్టం, పైకి అనడానికే మొహమాటం. శుక్రవారం సాయంత్రాలు మా అపార్ట్‌మెంట్లో ఆడవాళ్లందరం కూర్చుని లలితా సహస్రనామం చదువుతాం. 'రమా రాకేందువదనా రతిరూపా రతిప్రియా' అన్నచోట ఎవరి గొంతూ తగ్గదు. దాని అర్థమేమిటని ఏ చిన్నపిల్లో అడిగితే పెద్దావిడ వినబడనట్టు 'రక్షాకరీ రాక్షసఘ్నీ' అందుకుంటుంది. నాకు ఆవిడంటే గౌరవమే, కానీ ఆ వినబడకపోవడం బాగా సాధన చేసిన విద్య.

మన కవులు రతిని రెండు పనులకి వాడుకున్నారు. ఒకటి, పోలిక. నాయిక అందం చెప్పాలంటే రతిని పక్కన నిలబెట్టి ఓడించడం. ప్రబంధాల్లో ఆవిడ ఎన్నిసార్లు ఓడిపోయిందో లెక్కే లేదు. రెండు, ఏడుపు.

ఏడుపు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది గొప్ప ఏడుపు. కాళిదాసు కుమారసంభవంలో నాలుగో సర్గ మొత్తం రతీవిలాపం. తారకాసురుణ్ని చంపాలంటే శివుడికి కొడుకు పుట్టాలి, శివుడేమో తపస్సులో ఉన్నాడు, ఆ తపస్సు కదపమని ఇంద్రుడు మన్మథుణ్ని పురమాయించాడు. మూడో సర్గలో మన్మథుడు బయలుదేరినప్పుడు రతి కూడా వెంట నడిచింది, బెదురుతూనే. ఇంద్రసభలో గొప్పలు పోయి మాటిచ్చింది ఆయన, ముప్పు పసిగట్టింది ఈవిడ. శివుడి కంటి మంట లేచిన క్షణాన ఆమె మూర్ఛపోయింది. భర్త పోయాడన్న సంగతి కాసేపు తెలియనివ్వకుండా ఆ మూర్ఛ ఆమెకి మేలు చేసినట్టయిందంటాడు కాళిదాసు. తెలివొచ్చి, బతికే ఉన్నావా అంటూ లేచి చూస్తే నేల మీద మగవాడి ఆకారంలో బూడిద.

అక్కణ్నుంచి ఆవిడ మాట్లాడడం మొదలుపెడుతుంది. విలాపం అంటాం గానీ అందులో సగం నిలదీతే.

'హృదయే వససీతి మత్ప్రియం యదవోచస్తదవైమి కైతవమ్
ఉపచారపదం న చేదిదం త్వమనంగః కథమక్షతా రతిః'

నువ్వు నా గుండెలో ఉంటావు అని నాకు నచ్చేట్టు చెప్పేవాడివి, అదంతా వట్టిదని ఇప్పుడు తేలింది. నిజంగానే నీ గుండెలో ఉండి ఉంటే, నీ ఒళ్లంతా కాలిపోయినప్పుడు నాకు గాయమైనా కాకుండా ఎలా ఉంటుంది? అంతకు ముందు శ్లోకంలో ఇంకో సంగతి గుర్తుచేస్తుంది. నోరు జారి వేరే ఆడదాని పేరుతో పిలిచినందుకు మొలనూలుతో కట్టేశాను కదా, చెవిలో పెట్టుకున్న కలువతో కొడితే పుప్పొడి నీ కళ్లల్లో పడింది కదా, అవి మనసులో పెట్టుకున్నావా అని. బూడిదతో కూడా పాత తగువు తీసి మాట్లాడగలిగిందంటే ఆ సంసారం ఎంత చనువుగా సాగిందో తెలుస్తోంది. అలంకారశాస్త్రం రాసిన మమ్మటుడు తన కావ్యప్రకాశంలో ఈ రతీవిలాపాన్ని తప్పుకి ఉదాహరణగా చూపించాడు, ఒకే రసాన్ని మళ్లీ మళ్లీ రగిలించడం దోషమని. ఆయన లెక్క ఆయనది. ఎంతసేపు ఏడిపించాడన్నది నాకు పట్టింపు లేదు, ఏడిపించి వదిలేశాడన్నదే నా ఫిర్యాదు. చితి పేర్చమని రతి వసంతుణ్ని అడగడం, ఆకాశవాణి ఆపడం, శివపార్వతుల పెళ్లయ్యాక నీ భర్త తిరిగొస్తాడని మాటివ్వడం, ఇవన్నీ అయ్యాక ఏడో సర్గలో ఆ పెళ్లి జరుగుతుంది. దేవతలు చేతులు జోడించి మన్మథుడి కొలువు ఒప్పుకోమంటారు, శివుడు సరేనంటాడు. అంతే. ఒక సర్గంతా ఏడిపించిన కవి, పోయినవాడు తిరిగొచ్చిన వేళ ఆమె ముఖం వైపు ఒక్కసారి చూడలేదు.

ఇంకో మాట. తారకుణ్ని చంపడానికి పుట్టిన ఆ కుమారస్వామికే విశాఖుడని పేరు. మన ఊరికి ఆయన పేరే వచ్చిందంటారు. లాసన్స్ బే దగ్గర ఆయన గుడి ఉండేదని, సముద్రం లాగేసుకుందని పెద్దవాళ్లు చెప్పుకునే కథ. ఆ లెక్కన విశాఖపట్నం పేరు వెనక రతి పసుపుకుంకాలు ఉన్నాయి. ఊళ్లో ఆవిడకో రాయి కూడా లేదు.

శివపురాణం ఈ విషయంలో కాళిదాసు కంటే నయం. అందులో శివుడి పెళ్లి సంబరంలోకి రతి తనే వచ్చి నిలబడుతుంది. అందరూ జంటలుగా ఆనందంగా ఉన్నారు, నేనొక్కదాన్నే ఇలా ఉన్నాను అని, దాచి ఉంచుకున్న మన్మథుడి బూడిద మూటని ఆయన ముందు పెడుతుంది. పెళ్లింట్లోకి బూడిద మూటతో రావడమంటే మాటలు కాదు. మన ఇళ్లల్లో అయితే గుమ్మం దగ్గరే ఆపేస్తారు. ఆవిడ మాత్రం శివుడి ముందుకే వెళ్లి అడిగింది, సాధించింది కూడా. సౌందర్యలహరి అయిదో శ్లోకంలో మన్మథుడి ఒంటిని 'రతినయనలేహ్యేన వపుషా' అన్నారు. అంటే ఆ రూపం రతి కళ్లే ఆస్వాదించగలిగింది. లోకానికి ఆయన ఒళ్లు లేనివాడు, ఆవిడ కంటికి మాత్రం ఉన్నాడని వ్యాఖ్యానం. ఇక్కడి నుంచి శంబరుడి వంటింటికి ఒక్క అడుగు దూరమే. ఎదుటివాళ్లకి కనబడనిది ఆవిడకి కనబడాలి, కథ నడవాలంటే.

ఇప్పుడు ఆ వంటింటికి వెళ్దాం. కాళిదాసులో, శివపురాణంలో శివుడి పెళ్లికే తిరిగొచ్చిన మన్మథుడు భాగవతంలో మాత్రం కృష్ణుడి కొడుకుగా పుట్టి తిరిగొస్తాడు. ఇది చదివినప్పుడల్లా నాకు పెద జాలారిపేట గుర్తొస్తుంది. శుక్రవారం మా ఇంట్లో నీసు ముట్టం, ఆదివారం పొద్దున్న సంచీ పట్టుకుని అక్కడే ఉంటాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మరబోట్లు కదలవు, తెప్పల మీద వచ్చిన చేపే దిక్కు. బేరాలు తక్కువ కాబట్టి ఆ రోజుల్లో చేపలు కోసే ఆవిడకి కబుర్లకి తీరిక దొరుకుతుంది. వంజరం కడుపు చీరితే లోపల చిన్న నెత్తళ్లు, ఒక్కోసారి అరగని కానాగంత. అది చూసి నేను ప్రద్యుమ్నుడి కథ చెప్పాను. కత్తిపీట మీంచి చెయ్యి తీయకుండా అంతా విని ఆవిడ అడిగింది ఒక్కటే. "మరా గుంటడికి పాలెవులిచ్చినారమ్మా?"

పురాణం చెప్పేవాళ్ల నోట నేనెప్పుడూ వినని ప్రశ్న ఇది. కానీ హరివంశం సరిగ్గా దీని దగ్గరే ఆగింది. అందులో మాయావతి బిడ్డని చూడగానే తన భర్తేనని గుర్తుపడుతుంది, వెంటనే ఇరుకున పడుతుంది. ఇతని భార్యని, తల్లినని పాలెలా ఇవ్వను, కొడుకా అని ఎలా పిలవను? ఆలోచించి బిడ్డని దాదికి అప్పగిస్తుంది. రసాయనాలు, అంటే ఒంటికి బలమిచ్చే పాతకాలపు మందులు, వాడి తొందరగా పెద్దవాడయ్యేలా చూస్తుంది. అంటే మనం ఇప్పుడు ముక్కు మూసుకుని పక్కకి తప్పుకునే ఇబ్బందిని ఆ కథ చెప్పినవాళ్లు చూడలేదని కాదు. చూశారు, ఆలోచించారు, ఒక దారి వెతికారు. వంటింటి సంగతికొస్తే, భాగవతంలో శంబరుడు ఆవిడని పప్పూ అన్నం వండే పనిలో పెట్టాడు. విష్ణుపురాణంలో ఆవిడ ఆ ఇంటి ఇల్లాలు, వంటవాళ్ల మీద పెత్తనం ఆవిడది. శంబరుడికి మాయారూపం ఒకటి చూపించి తను తప్పుకునేదట. నాకు భాగవతం పాఠమే ఎక్కువ ఇష్టం. సౌందర్యానికే కొలతబద్దగా నిలబెట్టిన మనిషి పొయ్యి దగ్గర మసిబారి కూర్చుంది, ఎవరూ గుర్తుపట్టకపోవడమే ఆవిడకి కావాలి. మన్మథుడి జెండా మీద ఉండేది చేప. ఆ చేపే చివరికి ఆయన్ని కడుపున మోసి ఇంటికి తెచ్చింది. ఇలాంటి తమాషాలు పురాణాలకి అలవాటే.

నారదుడు వచ్చి బిడ్డ ఎవరో చెబుతాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో నిజం తెలిసినది ఆవిడొక్కతే. శంబరుడికి తెలియదు, తన శత్రువు తన అన్నమే తిని పెరుగుతున్నాడని. పిల్లవాడికి తెలియదు, తనెవరో. కుమారసంభవంలో జ్ఞాపకాలు తవ్వుకున్న రతికీ ఈ రతికీ తేడా ఇక్కడే ఉంది. అక్కడ జ్ఞాపకం ఆమెని ఏడిపించింది. ఇక్కడ దాన్ని పట్టుకుని పని నడిపిస్తోంది.

పిల్లవాడు యువకుడయ్యాక ఆవిడ చూపు మారుతుంది. ప్రవచనాల్లో గబగబా దాటేసేది ఈ చోటే. మా వీధి చివర కల్యాణమండపంలో భాగవత సప్తాహం జరిగినప్పుడు చెప్పిన ఆయన కూడా 'తర్వాత ప్రద్యుమ్నుడు శంబరుణ్ని సంహరించి' అంటూ ఒక్క ఊపులో ద్వారక చేరిపోయాడు. మూలం అలా దాటదు. ప్రద్యుమ్నుడే సూటిగా అడుగుతాడు. అమ్మా, నీ బుద్ధి వేరుగా ఉంది, తల్లితనం వదిలి ప్రియురాలిలా నడుచుకుంటున్నావేమిటి? మనం అడగాల్సిన ప్రశ్న ఆ కుర్రాడి నోటే పెట్టారు. దానికి మాయావతి జవాబు చెబుతుంది. నువ్వు కృష్ణుడి కొడుకువి, శంబరుడు నిన్ను ఎత్తుకొచ్చాడు, నువ్వు మన్మథుడివి, నేను నీ రతిని, పురిట్లో నిన్ను సముద్రంలో వేస్తే చేప మింగింది, నువ్వు నాకు దాని కడుపులో దొరికావు.

ఇక్కడ ఆగినా ప్రేమకథకి సరిపోయేది. ఆవిడ ఆగలేదు. మీ అమ్మ నీ కోసం ఏడుస్తోంది, అంది. పిల్లల్ని పోగొట్టుకున్న కురరి పక్షిలా, దూడ లేని ఆవులా అల్లాడిపోతోంది అంది. ఎన్నో ఏళ్లు కాచుకుని, కాచుకుని, చివరికి తనెవరో చెప్పుకునే వేళ వచ్చిందనుకోండి, మనమైతే ఏం మాట్లాడతాం? మన బాధ, మన నిరీక్షణ. శివుడి పెళ్లిలో బూడిద మూట పెట్టి నేనొక్కదాన్నే అని అడిగిన మనిషే ఇక్కడ తన పేరు ఒక్కసారి చెప్పి, వెంటనే ఇంకో ఆడదాని ఏడుపు గురించి మాట్లాడింది. ప్రేమదేవత అని ఎవరినైనా పిలవాలంటే నేను ఈ వాక్యం చూసి పిలుస్తాను. పూలబాణాలు, చిలక వాహనం, చెరుకువిల్లు ఇవన్నీ తర్వాత.

ఆ పైన ఆవిడ అతనికి మహామాయ అనే విద్య నేర్పుతుంది. శంబరుడికి వందల మాయలొచ్చు, అన్నిటినీ విరిచేది ఇదొక్కటే. యుద్ధం ప్రద్యుమ్నుడు చేశాడు, సరే. గెలిచిన విద్య ఎవరిది? శంబరుడు చచ్చాక అతన్ని ఆకాశమార్గాన ద్వారకకి తీసుకెళ్లింది కూడా ఆవిడే, ఎగరడం వచ్చినది ఆవిడకి కాబట్టి.

మా మేనకోడలికి ఇదంతా చెబితే అది ఒప్పుకోలేదు. "అయినా అత్తా, ఇదంతా మొగుడి కోసం పడ్డ పాట్లే కదా! సావిత్రి యముడి వెంట నడిచింది, ఈవిడ వంట చేసింది. ఏం తేడా?" అంది. తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. రతి వెతుక్కున్నది భర్తనే, కోరుకున్నదీ భర్తనే, అందులో అనుమానం లేదు. కానీ పతివ్రత కథల్లో భర్త భర్తే, అతనికి తనెవరో తెలుసు, భార్య అతని వెనకాల నడుస్తుంది. ఇక్కడ భర్తకి ఏమీ గుర్తులేదు. అతనెవరో అతనికి చెప్పాల్సింది ఈవిడే, చెప్పకుండా ఉండిపోయే వీలూ ఈవిడకి ఉంది. బిడ్డగా దొరికినవాణ్ని బిడ్డగానే బతకనివ్వవచ్చు. లేదా అతన్ని తన దగ్గరే ఉంచుకుని తల్లి సంగతి దాచేయవచ్చు. రెండూ చేయలేదు. అతనికి నిజమంతా ఇచ్చేసింది, తర్వాత అతని ఇష్టం. దీన్ని పాతివ్రత్యం అని పక్కన పెట్టేయడానికి నా మనసొప్పదు. మా ఆయన అభ్యంతరం వేరు. పెంచినవాణ్ని పెళ్లాడిన కథ పిల్లల ముందు ఎలా చెబుతాం అంటాడు. చిన్నపిల్లలకి చెప్పక్కర్లేదు, ఒప్పుకుంటాను. పెళ్లీడు పిల్లలకి మండలాల తరబడి భాగవతం చదివించేవాళ్లు ఇది దాచాల్సిన పని లేదు.

తెలుగు సాహిత్యమూ ఆవిడకి అన్యాయమే చేసింది. ప్రద్యుమ్నుడి మీద మనకున్న ప్రసిద్ధ ప్రబంధం పింగళి సూరన ప్రభావతీప్రద్యుమ్నము. అద్భుతమైన కావ్యం, అందులో రాయబారం నడిపే హంస శుచిముఖి అంత తెలివైన పాత్ర ప్రబంధాల్లో అరుదు. కానీ నాయిక వజ్రనాభుడి కూతురు ప్రభావతి. చూడగానే పుట్టే మోహం, హంస రాయబారం, రహస్యంగా కలుసుకోవడం, కవికి అవి కావాలి. చేప కడుపులోంచి తీసి పెంచిన ఆవిడతో కవి ఏం చేసుకుంటాడు! భాగవతంలో కూడా తర్వాత ప్రద్యుమ్నుడు మేనమామ రుక్మి కూతురు రుక్మవతిని చేసుకుంటాడు, అనిరుద్ధుడు ఆమెకే పుడతాడు. రతి మాట మళ్లీ వినబడదు. తమిళనాడు పల్లెల్లో మాత్రం కామన్ పండుగకి రతీమన్మథుల వేషాలు కట్టి, మన్మథుడు కాలాడని ఒక పక్షం, కాలలేదని ఇంకో పక్షం పాటలతో వాదించుకుంటారు. మనకి ఫాల్గుణ పున్నమికి సింహాచలంలో డోలోత్సవం ఉంది, బీచ్ రోడ్డులో రంగులున్నాయి, అక్కడక్కడా కామదహనం మంటలున్నాయి. ఆ మంట చుట్టూ తిరిగేవాళ్లలో ఎవరైనా రతి పేరు ఎత్తగా నేను వినలేదు.

ఈ కథ చదివించమని వదినతో అన్నాను. ఆవిడ వద్దన్న కారణం నేను ఊహించింది కాదు. శృంగారం గురించి కాదు, తల్లీకొడుకుల ఇబ్బంది గురించీ కాదు. "పురిట్లో బిడ్డ పోయిన కథ, మొగుడు బూడిదైపోయిన ఆడదాని కథ, పెళ్లి కోసం చదివే చోట ఎందుకు?" అంది. అప్పుడు నాకు విషయం ఇంకో వైపు నుంచి కనబడింది. మనం రతిని దాచింది సిగ్గుతో అని ఇన్నాళ్లూ అందరం అంటున్నాం. సిగ్గు కొంతే. అసలు భయం అశుభం అని. ప్రేమదేవత వితంతువు కావడం మనకి మింగుడు పడదు. పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడం గురించి మాట్లాడాలంటే ముందు పోవడం గురించి మాట్లాడాలి, పెళ్లింట్లో ఆ మాటకి చోటు లేదు.

కానీ వదినే మర్నాడు ఫోన్ చేసి అడిగింది. "ఇంతకీ ఆ రుక్మిణి ఈ పిల్లని కోడలిగా ఒప్పుకుందా?"

ఒప్పుకుంది. ఆకాశంలోంచి దిగిన యువకుణ్ని చూసి అంతఃపురం ఆడవాళ్లు కృష్ణుడే అనుకుని సిగ్గుపడి దాక్కున్నారు. రుక్మిణికి మాత్రం పోయిన కొడుకు గుర్తొచ్చాడు, స్తన్యం పొంగింది. కృష్ణుడు అంతా తెలిసీ నోరు మెదపలేదు. నారదుడే వచ్చి సంగతంతా చెప్పాడు. దేవకీ వసుదేవులు, బలరామకృష్ణులు, మిగతా ఆడవాళ్లు, రుక్మిణి, అందరూ ఆ దంపతులిద్దరినీ కౌగిలించుకుని సంతోషించారని భాగవతం. ఇద్దరినీ. ఏ ఊరి పిల్ల, ఎవరింట్లో ఏం పని చేసేది, అబ్బాయి కంటే ఎంత పెద్దది, ఇవేవీ ఎవరూ అడగలేదు. తన పెళ్లికి అన్న అడ్డుపడితే రథమెక్కి వచ్చేసిన రుక్మిణే కదా ఆ అత్తగారు. వదినకి ఇదంతా చెప్పాను. అవతల నుంచి కాసేపు ఏ జవాబూ లేదు, తర్వాత కూరల ధరల గురించి మాట్లాడింది. మేనకోడలి సంగతి నేనైతే ఎత్తలేదు. అది దాని పని.

ఆ కౌగిలింత తర్వాత భాగవతం శమంతకమణి కథలోకి వెళ్లిపోతుంది. రుక్మిణి ఆ కోడలితో ఏం మాట్లాడిందో చెప్పదు. బిడ్డ మొదటి అడుగు ఎప్పుడు వేశాడు, రాత్రుళ్లు ఏడ్చేవాడా, ఏం పెడితే తినేవాడు, జ్వరమొస్తే ఎవరు చూశారు? పది రోజులైనా నిండకుండా బిడ్డని పోగొట్టుకున్న తల్లికి ఇవన్నీ కావాలి, లోకంలో అవి తెలిసినది ఆ కోడలొక్కతే. వాళ్లిద్దరూ ఒక సాయంత్రమంతా కూర్చుని మాట్లాడుకున్నట్టు ఎవరైనా పద్యాల్లోనో, కథగానో రాస్తే బాగుండునని నా కోరిక. పాలెవరిచ్చారన్న ప్రశ్న రుక్మిణి కూడా అడిగే ఉంటుంది.